హార్డ్‌విక్ హాలా, కెడిల్‌స్టన్ హాలా: ఏది మేలు?

ఈ రెండు పాత భవంతులూ ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోనే ఉన్నాయి, రెండూ ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాలను కాపాడే సంస్థ) చేతిలోనే ఉన్నాయి. హార్డ్‌విక్‌ను 1590-97 మధ్య బెస్ అనే సంపన్న కౌంటెస్ (ఎలిజబెత్, ష్రూస్‌బరీ కౌంటెస్) కట్టించింది. ప్లాను ఆర్కిటెక్టు రాబర్ట్ స్మిత్‌సన్‌దని చెబుతారు. కెడిల్‌స్టన్ 1759లో మొదలై, బ్రెటింగ్‌హామ్, పెయిన్ అనే ఆర్కిటెక్టుల చేతులు మారి మూడో ఆర్కిటెక్టు రాబర్ట్ ఆడమ్ దగ్గరికి చేరింది. ఫొటోలో కెడిల్‌స్టనే గెలుస్తుంది. ప్లాను ముందేసుకుని చూస్తే మాత్రం మా ఓటు హార్డ్‌విక్‌కే.

అప్పటిదాకా పెద్ద ఇళ్లలో హాలు ఇంటి ముఖానికి సమాంతరంగా, పొడవునా ఉండేది. దానికి ఒక చివర గుమ్మం పెట్టేవారు. దాంతో వాకిలి ఇంటి నడిమధ్యకు వచ్చేది కాదు. హార్డ్‌విక్‌లో హాలును అడ్డం తిప్పి ముందు నుంచి వెనక్కి వేశారు. గుమ్మం సరిగ్గా మధ్యలో కుదిరింది. పైకి పోయేకొద్దీ అంతస్తుల ఎత్తు పెరుగుతుంది: కింద పనివాళ్లు, మధ్యలో కుటుంబం, పైన దర్బారు గదులు. కిటికీలూ అదే లెక్కలో పొడుగవుతాయి కాబట్టి ఏ అంతస్తు ఎవరిదో బయటి నుంచే తెలిసిపోతుంది. పొగగొట్టాలను లోపలి గోడల్లోకి తోసేయడంతో బయటి గోడల్లో అంతంత కిటికీలు పట్టాయి. ఆరు బురుజుల మీద బెస్ పేరు పొడి అక్షరాలు ‘ఇ ఎస్’ (ఎలిజబెత్ ష్రూస్‌బరీ) రాతిలో చెక్కి నిలబెట్టారు. దాపరికం లేని డాబు!

ఇంత గాజుకు మూల్యం ఉంది. చలికాలంలో గది వేడి నిలవదు. చిన్న చిన్న గాజు పలకలను సీసం పట్టీలతో కలిపి ఇనుప కడ్డీలకు కట్టే ఈ రకం కిటికీల్లో, కడ్డీ తుప్పు పట్టి ఉబ్బితే రాయి చిట్లుతుంది. పై అంతస్తులో దాదాపు 50 మీటర్ల పొడవున్న గ్యాలరీలో 13 టేపెస్ట్రీలు (బొమ్మలు నేసిన గోడ తెరలు) ఉన్నాయి. ఎండ తగిలితే వాటి రంగు పోతుంది. అందుకే వెలుతురు కోసం కట్టిన ఇంట్లో ఇవాళ తెరలు దించాల్సి వస్తోంది.

కెడిల్‌స్టన్‌లో నడిమి భవనం అంతా అతిథులకు చూపించడానికే. మార్బుల్ హాల్లో 20 అలబాస్టర్ (పాలరాయిని పోలిన మెత్తటి రాయి) స్తంభాలున్నాయి. కిటికీలు లేవు, వెలుతురు కప్పులోంచి దిగుతుంది. దాని వెనక 42 అడుగుల వ్యాసం, 62 అడుగుల ఎత్తున్న గుమ్మటపు గది. అసలు కాపురం ఒక పక్క రెక్కలో, వంటిల్లు ఇంకో రెక్కలో. మంటలు, వాసనలు దూరంగా ఉంటాయి, నిజమే. కానీ వంపు తిరిగిన నడవా అంతా దాటి వచ్చేసరికి కూర చల్లారుతుంది. నాలుగు రెక్కలు అనుకుని రెండే కట్టారు కాబట్టి, రోమ్‌లోని కాన్‌స్టంటైన్ విజయతోరణం నమూనాలో ఉన్న దక్షిణ ముఖం అటూ ఇటూ తోడు లేక ఒంటరిగా కనిపిస్తుంది.

ఆ నాలుగు రెక్కలూ చూడాలంటే కలకత్తాకే పోవాలి. కెడిల్‌స్టన్ నమూనాతో 1803లో పూర్తయిన గవర్నమెంట్ హౌస్‌లో అవి ఉన్నాయి. కెడిల్‌స్టన్‌లో పుట్టిన కర్జనే వైస్రాయిగా వచ్చి అందులో ఉన్నాడు. హైదరాబాద్ కోఠి రెసిడెన్సీ చూసినవాళ్లకు కెడిల్‌స్టన్ ఉత్తర ముఖం పరాయిదిగా అనిపించదు: అక్కడా ఆరు కొరింథియన్ (తలపై ఆకుల చెక్కడం ఉండే) స్తంభాల ముఖమండపమే.

ఒక్కరోజే చేతిలో ఉంటే హార్డ్‌విక్‌కు వెళ్లండి, అదీ మధ్యాహ్నం దాటాక. ముఖం పడమటి వైపు కాబట్టి పొద్దు వాలేటప్పుడు గాజంతా వెలుగుతుంది.