పామ్, సయాన్, ట్రియో, కూల్‌పిక్స్: ఏది మేలు?

పాత గ్యాడ్జెట్లంటే పడిచచ్చేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై మెగాపిక్సెల్ దగ్గరికి వెళ్తుంది. ప్రాసెసర్ ఎంత, స్క్రీన్ ఎంత, కెమెరా ఎంత అన్న లెక్కలు పట్టిక వేసి పోల్చుకోవడానికి బాగుంటాయి. కానీ 1996 నుంచి 2007 దాకా వచ్చిన చేతి కంప్యూటర్లలో, తొలి స్మార్ట్‌ఫోన్లలో, డిజిటల్ కెమెరాల్లో ఏది మేలో తేల్చాలంటే నేను చూసేవి వేరే ఉన్నాయి. దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? మనం దాచుకున్నది ఎక్కడ ఉంటోంది? ఛార్జింగ్ మొత్తం అయిపోతే ఆ దాచుకున్నది ఉంటుందా, పోతుందా? వీటికి జవాబు తెలిస్తే అప్పట్లో ఏది నిజంగా పనికొచ్చిందో, ఇవాళ కొనుక్కున్నా ఏది పనిచేస్తుందో రెండూ తెలిసిపోతాయి.

1996లో పామ్ కంపెనీ తెచ్చిన చేతి కంప్యూటర్ పైలట్ 1000తో మొదలుపెడదాం. 160×160 చుక్కల బూడిదరంగు స్క్రీన్, 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 కిలోబైట్ల మెమరీ. ఆ రోజుల లెక్కలో కూడా ఇవి గొప్ప అంకెలు కావు. మూడేళ్ల ముందే ఆపిల్ న్యూటన్ ఇంకా పెద్ద స్క్రీన్‌తో, మన చేతిరాతను ఉన్నదున్నట్టు చదివేస్తానన్న మాటతో వచ్చింది. కానీ న్యూటన్ జేబులో పట్టలేదు, పైలట్ పట్టింది. పైలట్ రూపకర్త జెఫ్ హాకిన్స్ సర్క్యూట్ సంగతి చూడకముందే చొక్కా జేబుకు సరిపడే చెక్కముక్క ఒకటి చేసుకుని, ఎక్కడికెళ్లినా దాన్ని తీసుకెళ్లి, అదే అసలు యంత్రం అనుకుని వాడి చూశాడు. ముందు కొలత కుదిరింది, మిగతావన్నీ దానికి తగ్గట్టు వచ్చాయి.

పైలట్‌కి కరెంటు రెండు ట్రిపుల్ ఏ సెల్స్ నుంచి వస్తుంది. వారాల తరబడి నడుస్తుంది. కింద నాలుగు బటన్లు: క్యాలెండర్, అడ్రసులు, పనుల చిట్టా, నోట్సు. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఏ బటన్ నొక్కినా నేరుగా ఆ పేజీలోనే తెరుచుకుంటుంది. సేవ్ చేయడం అన్న పనే లేదు, రాసింది రాసినట్టు ఉంటుంది. రాయడానికి గ్రాఫిటీ అనే లిపి నేర్చుకోవాలి. ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరానికి అడ్డగీత ఉండదు, పైకప్పు మాత్రమే గీస్తే చాలు. ‘టి’కి ఎడమ నుంచి కుడికి ఒక గీత, పెన్ను ఎత్తకుండా అక్కడి నుంచి కిందికి. అదే గీతను కుడి నుంచి ఎడమకు లాగి కిందికి దించితే ‘ఎఫ్’. దాదాపు ప్రతి అక్షరం ఒక్క లాగుడుతో అయిపోతుంది కాబట్టి యంత్రం తడబడదు. న్యూటన్ మన రాత నేర్చుకోవడానికి కష్టపడింది, పైలట్ తన రాతను మనకు నేర్పింది. రెండో దారే నెగ్గింది. తర్వాత జిరాక్స్‌తో పేటెంట్ గొడవ వచ్చి 2003 నుంచి గ్రాఫిటీ 2 అని మార్చారు. అందులో ‘టి’కి రెండు గీతలు గీయాలి. పాతదానికి అలవాటు పడిన చేతికి అది ఈనాటికీ నచ్చదు, నా చేయీ అంతే.

పైలట్‌కి ఉన్న లోపం కూడా ఇక్కడే చెప్పాలి. దాచుకున్నదంతా ర్యామ్‌లోనే, అంటే కరెంటు ఆగితే చెరిగిపోయే మెమరీలోనే ఉంటుంది. సెల్స్ మార్చేటప్పుడు లోపలి చిన్న కెపాసిటర్ ఒక్క నిమిషం పాటు ఆ మెమరీని నిలబెడుతుంది. ఆ నిమిషంలో కొత్తవి పడాలి. అందుకే హాట్‌సింక్ స్టాండ్ అంత ముఖ్యం. పైలట్‌ని దానిలో పెట్టి ఒక బటన్ నొక్కితే మొత్తం కంప్యూటర్‌లోకి నకలు అయిపోతుంది. పోయినా తిరిగి వస్తుందన్న ధీమా ఉంటుంది.

1997లో వచ్చిన సయాన్ సిరీస్ 5 ఇదే ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పింది. ఇది మూత తెరిచే రకం. మూత ఎత్తుతుంటే కీబోర్డు ముందుకు జారి వస్తుంది, స్క్రీన్ వెనక్కి వాలి దాని మీదే ఆనుకుంటుంది. మార్టిన్ రిడిఫర్డ్ చేసిన ఆ డిజైన్ వల్లే స్క్రీన్‌ని వేలితో తాకినా యంత్రం వెనక్కి పడిపోదు. మీటలు నిజమైన మీటలు, నొక్కితే లోపలికి దిగుతాయి. చేతులు మరీ పెద్దవి కాకపోతే పది వేళ్లతో టైప్ చేయొచ్చు. 640×240 స్క్రీన్ మీద వాక్యం పూర్తిగా కనిపిస్తుంది. రెండు డబుల్ ఏ పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. వాటితోపాటు ఒక బిళ్ల సెల్ ఉంటుంది, పెద్దవి అయిపోయినా మెమరీని అది కాపాడుతుంది. పక్కన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టుకునే చోటు కూడా ఉంది. అంటే నా ప్రశ్నలన్నింటికీ సరైన జవాబే. దీని ఎపాక్ ఆపరేటింగ్ సిస్టమే తర్వాత సింబియన్‌గా మారి నోకియా స్మార్ట్‌ఫోన్లలోకి చేరింది.

కంపాక్ ఐప్యాక్ 3600 సిరీస్ వచ్చింది 2000లో. 206 మెగాహెర్ట్జ్, 32 మెగాబైట్ల ర్యామ్, 240×320 రంగుల స్క్రీన్. పక్కన పెట్టి చూస్తే పైలట్ వెలవెలబోతుంది. పాటలు పాడుతుంది, వీడియో చూపిస్తుంది. కానీ బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, అది పూర్తిగా దిగిపోతే మనం ఎక్కించిన ప్రోగ్రాములు, నోట్సు, నంబర్లు అన్నీ పోయి మొదటిరోజు ఎలా ఉందో అలా లేస్తుంది. ఊరెళ్లి ఛార్జర్ మర్చిపోయినవాడికి ఆ టెన్షన్ ఏమిటో తెలుసు. పైగా కార్డు పెట్టాలంటే వెనకాల ఒక తొడుగు తగిలించాలి, దాంతో చేతిలో ఇటుకంత అవుతుంది. విండోస్ మొబైల్ 5.0 వచ్చేదాకా, అంటే 2005 దాకా, ఐప్యాక్‌లా విండోస్ మీద నడిచే పాకెట్ పీసీలన్నిటికీ ఈ రోగం ఉంది. అంకెల్లో ఐప్యాక్ గెలిచిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, నమ్ముకోవడానికి మాత్రం అది మూడోదే.

పైలట్, సయాన్ రెండిట్లో? పేజీల కొద్దీ రాసేవాళ్లకు సయాన్, నిలబడి నాలుగు ముక్కలు రాసుకునేవాళ్లకు పైలట్. ఇవాళ సయాన్ కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. మూత తెరిచి మూసి తెరిచి మూసి, స్క్రీన్‌కు వెళ్లే రిబ్బన్ కేబుల్ తెగిపోవడం దీనికి బాగా తెలిసిన జబ్బు. మూతను సగం తెరిచినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు స్క్రీన్ మీద గీతలు పడుతున్నాయేమో నెమ్మదిగా కదిపి చూడండి. పామ్‌లలో అందగత్తె అనిపించుకున్న పామ్ 5 (1999) పల్చగా, అల్యూమినియం ఒంటితో మెరిసిపోతుంది కానీ దాన్ని జిగురుతో అతికించేశారు. లోపలి బ్యాటరీ పోయిందంటే విప్పడమే ఒక పరీక్ష.

కెమెరాల విషయంలోనూ ఇదే కొలబద్ద. 1995లో వచ్చిన కాసియో క్యూవీ-10 వెనక స్క్రీన్ మీద ఫొటో వెంటనే చూసుకునే అలవాటు జనానికి చేసింది, బొమ్మ మాత్రం 320×240 చుక్కలే. అసలైన పోటీ దాని తర్వాతి రెండు దారుల మధ్య. 1997లో సోనీ మావికా ఎఫ్‌డీ7 ఫొటోలను మామూలు ఫ్లాపీ మీద రాసింది. కేబుల్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఫ్లాపీ తీసి కంప్యూటర్‌లో పెడితే చాలు. 640×480 బొమ్మలు, 10 రెట్ల జూమ్. ఆఫీసుల్లో, బడుల్లో అందరూ పంచుకుని వాడే కెమెరాగా దానికి సాటి లేదు. ఒక్కో ఫొటో రాయడానికి కొన్ని సెకన్లు ఫ్లాపీ గిర్రున తిరిగే శబ్దం వినాలి, అంతే. కానీ 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఫొటో ఎంత పెరగగలదు? చోటే ఆ కెమెరాకు హద్దు గీసింది.

1999లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ 950 కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును, నాలుగు డబుల్ ఏ సెల్స్‌ను ఎంచుకుంది. 2 మెగాపిక్సెల్స్, 3 రెట్ల జూమ్. అంకెలు పక్కన పెట్టి చేతిలోకి తీసుకుంటే దాని గొప్పతనం తెలుస్తుంది. ఒళ్లు రెండు ముక్కలు, లెన్సు ఉన్న సగం గిర్రున తిరుగుతుంది. కెమెరాను నేలకు ఆనించి, లెన్సును ముందుకు తిప్పి, స్క్రీన్‌ను పైనుంచి చూసుకుంటూ గడ్డిపూవును దాని ఎత్తు నుంచే తీయొచ్చు. లెన్సుకు 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది, నాణెం మీది అక్షరాలు ఫ్రేమంతా నిండిపోతాయి. జూమ్ మొత్తం లోపలే కదులుతుంది, లెన్సు బయటికి పొడుచుకు రాదు. ముందు 28 మిల్లీమీటర్ల మర ఉంటుంది. ఈ రెండింటి పుణ్యాన పక్షుల్ని చూసేవాళ్లు టెలిస్కోప్ కంటిగొట్టానికి దీన్ని తగిలించి దూరాన ఉన్న పక్షుల్ని తీయడం మొదలుపెట్టారు. అలాంటి ఉపయోగం కెమెరా డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు.

ఆల్కలైన్ సెల్స్‌ని ఇది చూస్తుండగానే తాగేస్తుంది, నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ వేయాల్సిందే. అవి ఇవాళా ఎక్కడైనా దొరుకుతాయి, అదే దీని బలం. 2000లో వచ్చిన కెనాన్ డిజిటల్ ఇక్సస్ చిన్నది, ముద్దొస్తుంది, 2 మెగాపిక్సెల్స్ తీస్తుంది. కానీ దాని సొంత బ్యాటరీ కోసం వెతుక్కోవాలి.

కార్డుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కాంపాక్ట్‌ఫ్లాష్‌లో కార్డును నడిపే కంట్రోలర్ కార్డులోనే ఉంటుంది. కాబట్టి పాత కెమెరాకు తర్వాత వచ్చిన కార్డు పెట్టినా చాలావరకు పనిచేస్తుంది, 2 జీబీ దాటకుండా చూసుకోవాలి. స్మార్ట్‌మీడియాలో ఆ కంట్రోలర్ లేదు, ఆ పని కెమెరాయే చేయాలి. అందుకే పాత కెమెరా కొత్త కార్డును గుర్తుపట్టదు. ఆ కార్డులు కూడా 128 మెగాబైట్ల దగ్గర ఆగిపోయాయి. 2002లో ఫుజి, ఒలింపస్ తెచ్చిన ఎక్స్‌డీ కార్డుదీ ఇంచుమించు అదే దారి. కెమెరా ఎంత బాగున్నా, ఆ కార్డు దొరక్కపోతే అది అలమారా బొమ్మే. స్మార్ట్‌మీడియా కెమెరా కొనదలిస్తే కార్డు కూడా కలిపి ఇచ్చేవాళ్ల దగ్గరే కొనండి.

ఫోను, చేతి కంప్యూటర్, కెమెరా ఒకే ఒంట్లో కలపాలన్న ప్రయత్నాలు చాలా జరిగాయి. పామ్‌కు తగిలించుకునే కొడాక్ పామ్‌పిక్స్, కెమెరాను మడతలో దాచిన సోనీ క్లియే ఎన్ఆర్70వీ లాంటివి చూడ్డానికి సరదాగా ఉంటాయి, ఫొటోలకు పనికిరావు. సోనీ ఎరిక్సన్ పీ800 (2002)లో అంకెల మూతను ఊడదీస్తే కింద పొడవాటి టచ్ స్క్రీన్ ఉంటుంది. మూత మీది మీట నొక్కితే అది వెళ్లి స్క్రీన్‌నే నొక్కుతుంది. ఎంత తెలివైన ఆలోచనో! బ్లాక్‌బెర్రీని ఈ పోటీలోకి తేవడం లేదు. దాని అసలు బలం ఈమెయిల్, అది వెనకాల ఉన్న సర్వర్లది.

నా ఓటు పామ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే ట్రియో 650 ఫోన్‌కి. 2003 నాటి ట్రియో 600లో బ్యాటరీ విప్పలేం, మెమరీ ర్యామే. 2004లో 650 వచ్చేసరికి ఆ రెండూ మారాయి. బ్యాటరీ ఊడదీసి ఇంకోటి వేసుకోవచ్చు, దాచుకున్నది ఫ్లాష్ మెమరీలో ఉంటుంది కాబట్టి నెల తర్వాత ఛార్జ్ చేసినా చెక్కుచెదరదు. 320×320 స్క్రీన్, ఎస్‌డీ కార్డు, పూర్తి కీబోర్డు. నెత్తిమీద చిన్న స్లైడ్ స్విచ్ ఉంటుంది. మీటింగ్‌లోకి వెళ్తూ జేబులో చేయి పెట్టి దాన్ని పక్కకు తోస్తే ఫోన్ నోరు మూసుకుంటుంది, స్క్రీన్ చూడాల్సిన పనే లేదు. కొత్త పద్ధతిలో దాచడం వల్ల అదే డేటా ఎక్కువ చోటు తినేసింది, పాత పామ్ నుంచి అన్నీ తెచ్చుకున్నవాళ్లకు ఉన్న 23 మెగాబైట్లు ఇరుకయ్యాయి. కెమెరా వీజీఏ మాత్రమే, అది లెక్కలోకి రాదు.

ఫొటోలే ముఖ్యమైతే 2007లో చేతికొచ్చిన నోకియా ఎన్95 వైపు చూడాలి. 5 మెగాపిక్సెల్స్, కార్ల్ జైస్ లెన్స్, ఆటోఫోకస్, 640×480లో సెకనుకు 30 ఫ్రేముల వీడియో, జీపీఎస్, వైఫై. పగటి వెలుగులో దాని ఫొటోలు చిన్న కెమెరాలకు తీసిపోవు. కానీ ఇన్ని పనులకు 950 ఎంఏహెచ్ బ్యాటరీ! జీపీఎస్ పెట్టుకుని తిరిగితే సాయంత్రం దాకా ఆగదు, రెండో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే. రాత్రిపూట దాని ఎల్‌ఈడీ ఫ్లాష్ చాలదు. కదిలే మనుషుల్ని చీకట్లో నిలిపి పట్టుకోవాలంటే జినాన్ ఫ్లాష్ కావాలి. అది సోనీ ఎరిక్సన్ కే800లో, ఆ తర్వాత నోకియా ఎన్82లో ఉంది. ఈ మూడింట్లో ఫొటోల కోసం నేనైతే ఎన్82 తీసుకుంటాను.

అదే 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ నా ప్రశ్నలకు సగం మార్కులే తెచ్చుకుంటుంది. బ్యాటరీ ఊడదు, కార్డు లేదు, 2 మెగాపిక్సెల్ కెమెరాకు ఆటోఫోకస్ లేదు, వీడియో అసలే తీయదు. అయినా వెబ్ పేజీని వేలితో జరుపుతూ పూర్తిగా చదువుకోవడం దానిలో ఎంత హాయిగా ఉంటుందో పై వాటిలో ఏదీ ఇవ్వలేకపోయింది. ఆ ఒక్క విషయంలో దానికి పోటీ లేదు.

ఇప్పుడు వాడటానికి కొనాలనుకునేవాళ్లు రెండు కొనండి, ట్రియో 650 ఒకటి, కూల్‌పిక్స్ 950 ఒకటి. కూల్‌పిక్స్‌ని కంప్యూటర్‌కు కలపడానికి పాత సీరియల్ కేబులే దిక్కు, దాని జోలికి పోకుండా కార్డ్ రీడర్ వాడండి. యూఎస్‌బీ కావాలంటే కూల్‌పిక్స్ 990 చూడండి. వాడనప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టండి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి. ట్రియో 2జీ ఫోన్, ఆ నెట్‌వర్క్ మూసేసిన చోట కాల్స్ రావు. సిమ్ లేకపోయినా క్యాలెండర్, నోట్సు, కార్డులోని పాటలు అన్నీ నడుస్తాయి. కొనేటప్పుడు అమ్మేవాళ్ల ముందే ఒక నోటు రాసి, బ్యాటరీ ఊడదీసి, కాసేపాగి మళ్లీ పెట్టి ఆన్ చేయండి. ఆ నోటు అక్కడే ఉండి, ఎస్‌డీ కార్డు కూడా కనిపిస్తే డబ్బులిచ్చేయొచ్చు.