మౌత్‌వాషా, ఫ్లాసా? డెంటిస్ట్ దొరకని రోజుల్లో ఏది మేలు?

2020లో లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో నేను చేసిన మొదటి తెలివైన పని పెద్ద మౌత్‌వాష్ బాటిల్ కొనుక్కోవడం, క్రిములు చస్తాయని దానిమీద రాసుంది కదా, పళ్లకీ పనికొస్తుంది వైరస్‌కీ పనికొస్తుంది అనుకున్నా. రెండు నెలలు పొద్దునా రాత్రీ నోరు మండేలా పుక్కిలించా. మూడో నెలలో ఒకరోజు బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా పడింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే వాపో, తట్టుకోలేని నొప్పో ఉంటేనే రండి, క్లీనింగులు ఆపేశాం అన్నారు. వాళ్లని అనడానికేం లేదు, ఆ మిషన్ పెట్టి పళ్లు క్లీన్ చేస్తుంటే తుంపర్లు గాల్లోకి లేస్తాయి, డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఆ ఆగస్టులో వ్యాప్తి ఉన్న చోట అర్జెంటు కాని పళ్ల పనులు వాయిదా వేసుకోమనే చెప్పింది.

నేను తెలుసుకోవాల్సింది ఒకటే, పాచి అంటే పంటికి అతుక్కున్న జిగురు పొర, పుక్కిలిస్తే పోదు. జిడ్డు గిన్నె మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో ఇదీ అంతే, రుద్దాల్సిందే. రుద్దకుండా వదిలేస్తే లాలాజలంలో ఉన్న కాల్షియం పట్టి కొద్దిరోజుల్లోనే గార కడుతుంది, ఒకసారి గార కట్టాక ఇంట్లో ఏ బ్రష్షూ దాన్ని కదపలేదు, దానికి డెంటిస్టే కావాలి, అప్పుడు ఆయనేమో దొరకడు.

అందుకే నా ఓటు ఫ్లాస్‌కే, అంటే పళ్ల సందుల్లో దూర్చి గీకే సన్నటి దారానికే. బ్రష్ ఎంత బాగా తిప్పినా పన్నుకీ పన్నుకీ మధ్య గోడల్ని అందుకోలేదు, చిగుళ్ల జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. మూరెడు దారం తీసుకుని రెండు మధ్యవేళ్లకీ చుట్టి, సందులోకి రంపంలా మెల్లగా దింపి, పంటిని కౌగిలించుకున్నట్టు వంపు తిప్పి పైకీ కిందకీ రెండు మూడుసార్లు గీకాలి, టక్కున కిందకి నొక్కితే చిగురు కోసుకుంటుంది జాగ్రత్త. మొదటి రోజు నా దవడ పళ్ల దగ్గర బయటికొచ్చిన దాన్ని వాసన చూశా (చూడకండి), మాస్కులో వచ్చే కంపు మాస్కుది కాదని అప్పుడు తెలిసింది. రక్తం వస్తోందని చాలామంది మానేస్తారు, నిజానికి పాచి వల్ల చిగురు వాచి ఉంది కాబట్టే వస్తోంది, రోజూ చేస్తే మామూలుగా ఒకట్రెండు వారాల్లో తగ్గుతుంది. నాకు పది రోజులు పట్టింది. తగ్గకపోతే చూపించుకోవాలి.

పళ్ల మధ్య ఖాళీలు ఎక్కువున్నవాళ్లకి మాత్రం దారం కన్నా సందుల్లో దూర్చే చిన్న బ్రష్‌లే మేలు, వాడటం కూడా తేలిక. ఇరుకు సందులో దాన్ని బలవంతంగా తొయ్యకూడదు.

మరి మౌత్‌వాష్ దండగేనా అంటే పూర్తిగా కాదు. పళ్లు తొందరగా పుచ్చేవాళ్లకి ఫ్లోరైడ్ ఉన్నది పనికొస్తుంది, కాకపోతే బ్రష్ చేసిన వెంటనే వద్దు, ఎందుకంటే పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాకా ఉంటే రోజూ వాడే మౌత్‌వాష్‌లో సుమారు 225 ఉంటుంది, అంటే ఎక్కువున్నదాన్ని తక్కువున్నదాంతో కడిగేసుకుంటున్నాం. పేస్టు ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్లతో కూడా గలగలా కడగక్కర్లేదు. క్లోర్‌హెక్సిడిన్ (క్రిముల్ని చంపే మందు) ఉన్న రకం అయితే డాక్టర్ చెప్పినన్ని రోజులే, ఎక్కువ వాడితే పళ్లకి గోధుమరంగు మరకలు పడి రుచి కూడా పోతుంది, కోవిడ్ టైంలో రుచి పోతే ఇంకేమైనా ఉందా! ఇక మౌత్‌వాష్ పుక్కిలిస్తే కోవిడ్ రాదన్న మాటకి ఆధారం లేదు. ఉప్పునీళ్లు వాచిన చిగుళ్లకి హాయిగా ఉంటాయి, పాచిని మాత్రం తియ్యవు.

ఎలక్ట్రిక్ బ్రష్ కొనాలా అంటే, 2014 కాక్రేన్ రివ్యూలో (చాలా పరిశోధనల్ని కలిపి చూసిన నివేదిక) మూడు నెలలు దాటి వాడినవాళ్లకి మామూలు బ్రష్ కంటే పాచి 21 శాతం తక్కువ కనపడింది, కాబట్టి వీలైతే తీసుకోండి, లేకపోతే మెత్తటి మామూలు బ్రష్‌తో పూటకి రెండు నిమిషాలు తోమినా సరిపోతుంది.

ఇంట్లో ఎవరికైనా కోవిడ్ పాజిటివ్ వస్తే వాళ్ల బ్రష్షూ పేస్టు ట్యూబూ వేరే పెట్టేయండి, అందరి బ్రష్‌లూ ఒకే గ్లాసులో తలలు ఆనించుకుని ఉండటం మామూలు రోజుల్లోనే మంచిది కాదు. ఇంకోటి, దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఫ్లాసా మౌత్‌వాషా అని చూసుకుంటూ కూర్చోకండి, ఎమర్జెన్సీ ఏ లాక్‌డౌన్‌లోనైనా చూస్తారు, ముందు ఫోన్ చెయ్యండి.