పండుగ పూట మింగలేనివారికి: అదే వంటను మెత్తగా చేయాలా, వేరుగా వండాలా?

పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి మింగడం కష్టమైంది. ఆ ఏడాది పండుగకు వండినవన్నీ ఒకే మిక్సీ గిన్నెలో వేసి తిప్పి ఆయన ముందు పెట్టాను. రంగూ రుచీ తెలియని ముద్ద. ఒక్క చెంచా తిని, మాట్లాడకుండా పళ్లెం పక్కకు జరిపారు. ఆ పళ్లెం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎంత మెత్తగా ఉండాలో తేల్చాల్సింది మాటతో పాటు మింగడంలో ఇబ్బందినీ చూసే స్పీచ్ థెరపిస్టు. మింగలేనివారి తిండి, పానీయాలు ఎంత మెత్తగా, ఎంత చిక్కగా ఉండాలో చెప్పే, చాలా దేశాల్లో వాడే ఐడీడీఎస్ఐ కొలమానంలో 0 నుంచి 7 వరకు స్థాయిలున్నాయి. 4 అంటే పలుకు తగలని మెత్తని ముద్ద. 5 అంటే తడిగా, పెద్దలకైతే 4 మిల్లీమీటర్ల వెడల్పు మించని పలుకులు. 6 అంటే 15 మిల్లీమీటర్లు మించని మెత్తని ముక్కలు. పండుగ కదా అని చెప్పిన స్థాయి దాటకూడదు.

ఉప్పు, కారం పదార్థాల విషయంలో నా ఓటు అదే వంటకు. అందరూ తినే వాసన, అందరూ తినే రుచి ఆయన పళ్లెంలోనూ ఉంటాయి. కాకపోతే శ్రమ ఎక్కువ. దేనికది విడిగా రుబ్బాలి. పలుచన చేయడానికి నీళ్లు పోస్తే రుచీ బలమూ రెండూ తగ్గిపోతాయి. ఆ పదార్థం ఉడికిన రసమో, పాలో వాడాలి. తొక్కలు, గింజలు, పీచు జల్లెడలో ఆగిపోవాలి. బంగాళాదుంపను మాత్రం మిక్సీలో వేయకండి, జిగురుగా సాగుతుంది; చేత్తో మెదపాలి. చివరగా చెంచాతో తీసి చూడండి: ఆకారం నిలవాలి, చెంచా వంచితే ముద్ద మొత్తం ఒక్కసారిగా జారాలి. అంటుకుని ఉండిపోతే గొంతులోనూ అంటుకుంటుంది. 6వ స్థాయివారికి రుబ్బనక్కర్లేదు. ముక్కను ఫోర్కుతో, బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కండి. నలిగి, మళ్లీ పైకి లేవకపోతే సరే.

తీపి దగ్గరికి వచ్చేసరికి నా తీర్పు మారుతుంది. పొడిపొడిగా రాలేవి, పాకంతో సాగేవి, పప్పులు దట్టించినవి ఎంత తంటాలుపడ్డా లొంగవు. ఇక్కడ మొదటి నుంచీ నున్నగా ఉండే కస్టర్డ్ లాంటిది వేరుగా చేయడమే మేలు. అదైనా ఆయన ఒక్కరికే చేయకండి, ఇంటిల్లిపాదికీ చేయండి. ఒంటరి గిన్నె మనసుకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఐస్‌క్రీమ్, జెల్లీ మెత్తగానే కనిపిస్తాయి గానీ నోట్లో కరిగి నీళ్లవుతాయి. చిక్కటి ద్రవాలే తాగాలని థెరపిస్టు ఎవరికి చెప్పారో వారికి అవి ప్రమాదం. శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా రావచ్చు. పలుచని రసంలో ముక్కలు తేలే సూపూ అంతే.

పానీయాలు చిక్కబరిచే పొడుల్లో పిండి ఆధారితమైన దానికన్నా జాంతాన్ గమ్ (చిక్కదనం కోసం ఆహారంలో వాడే ఒక జిగురు పదార్థం) రకం నాకు నమ్మకం. లాలాజలంలోని ఎంజైము పిండిని విడగొడుతుంది కాబట్టి ఎంగిలి తగిలిన గ్లాసు మెల్లగా పలుచబడుతుంది. కబుర్లతో గంటసేపు సాగే భోజనంలో ఇది చిన్న విషయం కాదు.

ఆ మరుసటి ఏడాది నాన్నగారి పళ్లెంలో మూడు రంగుల్లో మూడు ముద్దలు పెట్టాం. నిటారుగా కూర్చోబెట్టి, నోట్లోది మింగేదాకా ఎవరూ ఆయనను పలకరించకుండా చూసుకున్నాం. ఒక్కసారి కూడా పొలమారలేదు. తిన్నాక అరగంట అలాగే కూర్చుని, మూడింట్లో ఏది బాగుందో మాకు చెప్పారు.