1500 లేడీబగ్స్ కొంటే తెల్లారేసరికి పాతిక మిగిలాయి

మేముండేది శాక్రమెంటోలో. పెరట్లో చిక్కుడు పాదు పెట్టా, ఈసారి మే నెలలోనే పేనుబంక పట్టేసింది, లేత కొసలన్నీ నల్లగా అయిపోయి ముట్టుకుంటే చేతికి జిగురు, ఆ జిగురు కోసం చీమల బారు. పిల్లలు తినే కాయలు కదా అని మందు కొట్టబుద్ధి కాలేదు. నర్సరీకి వెళ్తే కౌంటర్ పక్కన చిన్న ఫ్రిజ్‌లో జాలీ సంచులు, ఒక్కో సంచిలో పేనుబంకని తినే పురుగులు, 1500 లేడీబగ్స్, పన్నెండు డాలర్లు. ఈ కాలిఫోర్నియాలోనే 1888లో ఆస్ట్రేలియా నుంచి వెడాలియా అనే లేడీబగ్ జాతిని తెప్పించి నారింజ తోటల్ని దూదిలా పట్టే పొలుసు పురుగు నుంచి కాపాడుకున్నారని ఎప్పుడో చదివి ఉన్నా, ఆ ఊపులో కొనేశా.

ఇంటికి తెచ్చి పెరుగు గిన్నె పక్కన పెట్టా, చల్లగా ఉంటే కదలకుండా పడుంటాయట. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఫ్రిజ్ తీసి ఒక్క కేక పెట్టింది. కాసేపాగి కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఇవి అక్షింతల పురుగులు కదే, మన మిరపచేలో ఊరికే తిరుగుతుంటాయి, వీటికి డబ్బులు పోశావా" అంది.

మా పాపకేమో వేరే డౌటు, అన్నీ లేడీసేనా అని. మగవీ ఉంటాయమ్మా, ఆ లేడీ అంటే మేరీమాత అని చెప్పా. యూరప్‌లో పాత బొమ్మల్లో మేరీమాతకి ఎర్ర వస్త్రం వేసేవాళ్ళు, అక్కడ ఎక్కువగా కనిపించే పురుగు ఎర్రగా ఉండి ఏడు చుక్కలతో ఉంటుంది, ఆ ఏడూ ఆవిడ ఏడు దుఃఖాలని చెప్పుకున్నారు. జర్మన్‌లో అయితే సూటిగా మేరీ పురుగనే అంటారు, రష్యన్‌లో దేవుడి చిట్టి ఆవు. బ్రిటన్‌లో లేడీబర్డ్, పక్షేం కాదు. అమెరికావాళ్ళ బగ్ కూడా తప్పే, సైన్స్ లెక్కలో బగ్ అంటే నల్లి లాగా రసం పీల్చే జాతి, ఆ లెక్కన అసలు బగ్గు మా పేనుబంక, దాన్ని తినేదానికి బగ్ అని పేరు!

సరే అసలు సంగతి. ప్యాకెట్ మీద రాసినట్టే సాయంత్రం పాదంతా తడిపి, మొదట్లో వదిలా. సంచి అడుగున ఓ గుప్పెడు చచ్చినవి. చేతిమీద పాకినవి కాళ్ళ కీళ్ళలోంచి పసుప్పచ్చ నీరు వదిలాయి, ఆ కంపు సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోలేదు. పొద్దున లేచి చూస్తే లెక్కపెట్టి పాతిక ఉంటాయేమో.

తర్వాత తెలిసిందేంటంటే ఇవి పెంచినవి కాదు. తల వెనక రెండు తెల్ల గీతలు ఏటవాలుగా ఉండే రకం ఇది, చలికాలం సియెర్రా కొండల్లో వేలకి వేలు గుంపుగా పడుకుంటాయి, వాటిని అలాగే ఎత్తి సంచుల్లో పోసి అమ్ముతారు. వెచ్చదనం తగలగానే ఎగిరిపోవడం వాటి స్వభావం. ఆ కొండలు మాకు దగ్గరే, సొంతూరి బస్సెక్కినట్టు పోయుంటాయి. ఈ ముక్క ప్యాకెట్ మీద ఎక్కడా లేదు, నాకు ఒళ్ళు మండింది అక్కడే.

చివరికి పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి బంకని రాల్చా, రోజు మార్చి రోజు. రెండు వారాలకి ఓ ఆకు తిరగేస్తే సన్నగా పసుప్పచ్చ గుడ్లు, నిలబెట్టినట్టు ఓ గుత్తి, అచ్చం పసుపు కలిపిన బియ్యం. నాకైతే మనవాళ్ళు అక్షింతల పురుగన్న పేరు ఈ గుడ్లు చూసే పెట్టారనిపించింది.

రేటింగ్ ఒక్క స్టార్, అదీ పాపకి కాసేపు సరదా అయిందని. కొనకండి, మందు కొట్టడం ఆపితే అవే వస్తాయి. ఇంకోటి, గుడ్లలోంచి వచ్చేవి ఎర్రగా గుండ్రంగా ఉండవు, నల్లగా నారింజ మచ్చలతో బుల్లి మొసలి లాగా ఉంటాయి. నేను చెప్పు తీశా కూడా, అమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది.