ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకునేవారికి జాగ్రత్త: పవరు సరిగ్గానే ఉంటుంది, కళ్ళజోడు మాత్రం పనికిరాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం వైపు నుంచి ప్రోగ్రెసివ్ కళ్ళజోడు (దూరానికీ దగ్గరికీ గీత లేకుండా ఒకే అద్దం) కోసం సరిహద్దు దాటి ఆంధ్రా పట్టణాలకు వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు 11,200 రూపాయలు, ఏడు వారాలు పోయాయి. పైగా మెడనొప్పి మిగిలింది. దుకాణం పేరు రాయడం లేదు. ఈ పొరపాటు ఆ ఒక్క చోటే జరిగేది కాదు, పెద్ద అద్దాల షోరూముల్లోనూ జరుగుతుంది.

నాకు 54 ఏళ్ళు. పర్లాకిమిడిలో మందుల దుకాణం నడుపుతున్నాను. దూరపు చూపుకు ప్లస్ ఒకటి, చత్వారానికి దాని మీద మరో రెండు. ఇన్నాళ్ళూ డి బైఫోకల్ వాడాను. అద్దం కింది భాగంలో బోర్లా పడుకోబెట్టిన ‘డి’ అక్షరంలా చిన్న కిటికీ ఉంటుందే, అది. దానికంటే పాతది క్రిప్టాక్, అందులో ఆ కిటికీ గుండ్రంగా ఉంటుంది. ఎగ్జిక్యూటివ్ అనేదానిలో గీత అద్దానికి ఈ చివరి నుంచి ఆ చివరికి సాగుతుంది. ఆకారం ఏదైనా వీటిలో రెండే దూరాలు. ఎదురుగా నిలబడ్డ మనిషి కనిపిస్తాడు, చేతిలోని స్ట్రిప్పు మీద గడువు తేదీ కనిపిస్తుంది. చేయి చాచినంత దూరంలో ఉన్న అరలు మాత్రం మసక. నా దుకాణంలో సరుకంతా ఉండేది సరిగ్గా ఆ మసకలోనే.

ప్రోగ్రెసివ్‌లో గీత ఉండదు. పైభాగం దూరానికి, అడుగుభాగం చదవడానికి, రెండింటినీ కలుపుతూ మధ్యలో పవరు కొద్దికొద్దిగా పెరిగే సన్నని దారి. దాన్ని కారిడార్ అంటారు. 1959లో ఫ్రాన్స్‌లో వారిలక్స్ పేరుతో వచ్చిన అద్దంతో ఈ పద్ధతి నిలదొక్కుకుంది. ఆ దారికి అటూ ఇటూ చూపు కొంత వంకర పోతుంది. ఎంత ఖరీదైన అద్దమైనా ఆ వంకరను అటూ ఇటూ సర్దగలదే తప్ప మాయం చేయలేదు. చత్వారం పవరు పెరిగినకొద్దీ, కారిడార్ పొట్టిదైనకొద్దీ ఆ వంకర ఎక్కువవుతుంది. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. కొన్న రోజున తెలిసింది ఒక్కటే, గీత కనిపించదు కాబట్టి వయసు కూడా కనిపించదని.

ఇక ఆ రోజు సంగతి. ఫ్రేము నేనే ఎంచుకున్నాను, తప్పులో నా వాటా అది. సన్నగా, పొట్టిగా, చూడముచ్చటగా ఉంది. అద్దం ఎత్తు 26 మిల్లీమీటర్లు. అంత పొట్టి ఫ్రేములో ప్రోగ్రెసివ్ ఇమడదని చెప్పాల్సిన మనిషి ‘మీ ముఖానికి భలే నప్పింది సార్’ అన్నాడు. ఒక కుర్రవాడు నా ముక్కు మీద స్కేలు ఆనించి, రెండు నల్లగుడ్ల మధ్య దూరం 62 మిల్లీమీటర్లు అని కాగితం మీద రాసుకున్నాడు. కొలతలు అంతే. ఫ్రేము నా ముఖానికి పెట్టి, నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా తన కళ్ళను నా కళ్ళ ఎత్తుకు తెచ్చుకుని, నల్లగుడ్డు నడిమి ఎక్కడికి వస్తుందో ఫ్రేములో ముందే ఉండే డమ్మీ (పవరు లేని) అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టాలి. ఆ పని జరగలేదు. ఈ హెచ్చరికలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే అయినా చాలు: ఫ్రేము మీ ముఖం మీద ఉండగా ఆ చుక్క పడకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

పది రోజులకు కళ్ళజోడు వచ్చింది. రోడ్డుకు అవతలి బోర్డు చదవమన్నారు, చదివాను. పెద్ద అక్షరాల అట్ట ఇచ్చారు, అదీ చదివాను. ఇంటికి వచ్చాక మొదలైంది. మా సహాయకుడు అప్పుల పుస్తకం ఒడియాలో రాస్తాడు. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన ఒకే రకం గొడుగు, తేడా అంతా దాని కింద మెలికలో ఉంటుంది. నాకు వరుసంతా గొడుగులే కనిపించాయి. గడ్డం పైకెత్తి, పుస్తకాన్ని ముక్కు కిందికి తెచ్చుకుంటే తప్ప మెలిక తెలియదు. తెలుగు వత్తుల సంగతీ అంతే. మధ్యాహ్నానికల్లా మెడ పట్టేసింది. ‘కొట్టులో కూర్చుని ఆకాశంలోకి చూస్తారేం’ అని మా ఆవిడ అడిగింది.

దుకాణానికి ఫోను చేస్తే ‘పదిహేను రోజుల్లో అలవాటైపోతుంది’ అన్నారు. ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. తల తిప్పినప్పుడు నేల కదిలినట్టుండడం, మెట్లు దిగేటప్పుడు తడబాటు, పక్కచూపులో గుమ్మం వంగినట్టుండడం, ఇవి కొత్తవారికి సహజమే. చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. చదవడానికి గడ్డం ఎత్తాల్సి రావడం మాత్రం అలవాటుతో పోయేది కాదు. అది కొలత తప్పు. నాకు ఆ తేడా తెలియక నెల రోజులు అలవాటు పడుతూ కూర్చున్నాను.

తర్వాత వెళితే అద్దాన్ని పవరు కొలిచే మిషన్ మీద పెట్టి, చీటీతో సరిచూసి, ‘చూడండి, పవరు పాయింటుతో సహా సరిపోయింది’ అన్నారు. నిజంగానే సరిపోయింది. నేను నోరు మూసుకున్నాను. ‘కొందరికి ప్రోగ్రెసివ్ పడదు సార్, బైఫోకల్ చేయించేద్దాం’ అని మరో బిల్లు తెరవబోయారు.

బరంపురంలో మా మేనల్లుడికి తెలిసిన అమ్మాయి ఆప్టోమెట్రిస్టు, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే నిపుణురాలు. ఆమె అద్దం మీద నోటితో ఆవిరి ఊది, ట్యూబులైటుకు ఏటవాలుగా పట్టుకుని చూపించింది. ఆవిరి విడిపోతుంటే రెండు సన్నని గుర్తులు తేలాయి, చీమ కాలితో గీసినంత. ప్రోగ్రెసివ్ అద్దంలో ఇవి 34 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి. కణత వైపు గుర్తు కింద చత్వారం పవరు అంకెల్లో చెక్కి ఉంటుంది, నాదానిలో 20 అని, అంటే రెండు. ముక్కు వైపు గుర్తు కింద సాధారణంగా తయారీదారు చిహ్నం ఉంటుంది. బిల్లులో రాసిన కంపెనీ అదేనా అని ఇక్కడే పోల్చుకోవచ్చు. ఆమె ఆ గుర్తుల ఆధారంగా స్కెచ్ పెన్నుతో అద్దం మీద క్రాసు గీసి, నా ముఖానికి పెట్టి ముఖం చూసుకునే అద్దంలో చూసుకోమంది. క్రాసు నల్లగుడ్డు నడుమ ఉండాలి. నాకు అయిదు మిల్లీమీటర్లు కిందికి జారి ఉంది.

‘మావయ్యగారూ, మీ నల్లగుడ్డు నుంచి ఫ్రేము అడుగుకు 17 మిల్లీమీటర్లు ఉంది. ఈ అద్దానికి కనీసం 18 కావాలి. వాళ్ళు క్రాసును అడుగు నుంచి 12లో కూర్చోబెట్టారు’ అంది. అంటే నేను డబ్బు కట్టిన చదివే భాగం నా కళ్ళజోడులో దాదాపు లేదు. ఫ్రేముకు సరిపడా అంచు కోసేటప్పుడు గ్రైండింగ్ నీళ్ళలో కొట్టుకుపోయింది. మిషన్ కొలిచేది పవరును. నా కన్ను ఎక్కడుందో దానికేం తెలుసు? అడ్డం కొలత కూడా అంతే. మొత్తం 62 సరైనదే, కానీ ముక్కు నడిమి నుంచి కుడికన్ను 32.5, ఎడమకన్ను 29.5. వాళ్ళు సగానికి సగం పంచేశారు. అసలే సన్నని దారి, దానిలోంచి రెండు కళ్ళూ పక్కకు తప్పుకున్నాయి.

బిల్లులో ఇంకా ఏమేం అంటగట్టారో కూడా చెప్పాలి. పలుచగా ఉంటుందని 1.67 ఇండెక్స్ అద్దం ఇచ్చారు (ఈ అంకె పెరిగితే అదే పవరుకు అద్దం పలుచనవుతుంది). నా ప్లస్ ఒకటికి మామూలు 1.5 అద్దమే పలుచన. ఆ ఖర్చుకు తగిన తేడా కనిపించేది పెద్ద పవర్లకు. కంటి అలసటకని బ్లూ కట్, అంటే నీలి కాంతిని తగ్గించే పూత, కలిపారు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పటి అలసటను అది తగ్గిస్తుందనే ఆధారం పెద్దగా లేదని వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2023లో తేల్చింది. హెచ్‌డీ, డిజిటల్, ప్రీమియం లాంటి మాటలు వినిపిస్తే నోరు విప్పి రెండు సంగతులు అడగండి: కారిడార్ పొడవు ఎంత, దీనికి నల్లగుడ్డు నుంచి ఫ్రేము అడుగుకు కనీస ఎత్తు ఎంత. జవాబు మిల్లీమీటర్లలో రాకపోతే లేచి వచ్చేయండి. రోజంతా కంప్యూటర్, పుస్తకాల మధ్య గడిపేవాళ్ళకు ఆఫీసు లెన్సులని వేరే రకం ఉంది. అది గది దూరం వరకే, దానితో బండి నడపకూడదు.

నిలదీస్తే దుకాణం యజమాని ‘మీది ఒడిశా, మా బిల్లు ఆంధ్రాది, ఎక్కడ చెప్పుకుంటారో చెప్పుకోండి’ అన్నాడు. మన సరిహద్దువాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇది: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే నా కేసు గజపతి జిల్లాలో వేయవచ్చు, రావాల్సింది ఆయన. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. బిల్లు, డాక్టరు చీటీ, పెన్ను క్రాసుతో కళ్ళజోడు పెట్టుకుని తీయించుకున్న ఫొటో దగ్గర పెట్టుకున్నాను. ఆ ఫొటో ఉంటే పవరు సరిపోయిందనే మాట చెల్లదు.

పోయిన వారం వాళ్ళే ఫోను చేశారు. లెన్సులు మళ్ళీ చేసిస్తారట, ఫ్రేము డబ్బు మాత్రం ఇవ్వరట. పొట్టి ఫ్రేములో మళ్ళీ చేసి ఏం లాభమని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు. ప్రస్తుతానికి పాత డి బైఫోకల్‌తోనే కొట్టు నడుస్తోంది, పై అరల్లో మందులు మా సహాయకుడే తీస్తున్నాడు.