మొకెకా తినాలంటే సాల్వడారా, విటోరియానా: ఏది మేలు?

బ్రెజిల్ వెళ్లినవాళ్లు చాలామంది రియోలో ఒక శనివారం మధ్యాహ్నం ఫేజ్వాదా తింటారు. నల్ల చిక్కుడు గింజల్లో పంది మాంసం, ఎండబెట్టిన గొడ్డు మాంసం వేసి గంటల తరబడి ఉడికించే కూర అది. మంచి వంటే, కాదనను. కానీ చేపల కూరంటే ప్రాణం పెట్టేవాళ్లు మొకెకా రుచి చూడకుండా తిరిగి రాకూడదు. అయితే మొకెకా ఒకటి కాదు, రెండు. ఒకటి సాల్వడార్ నగరం ఉన్న బయీయా రాష్ట్రానిది, రెండోది దానికి దక్షిణాన ఆనుకుని, విటోరియా నగరం ఉన్న ఎస్పిరితు సాంతుది. "మొకెకా అంటే మాదే, మిగతావన్నీ ఉత్త చేపల కూరలు" అని ఎస్పిరితు సాంతు వాళ్లు ఇప్పటికీ పంతంగా అంటారు.

పేరు మాత్రం బయీయాదే పెద్దది. అక్కడి మొకెకాలో చేప ముక్కలు, ఉల్లి, టమాటా, కాప్సికం, కొత్తిమీర, కొబ్బరి పాలు, వీటన్నిటి మీదా దెండే నూనె పడతాయి. దెండే కూడా పామాయిలే గానీ, మన దుకాణాల్లో అమ్మే శుద్ధి చేసిన రకం కాదు. ఎర్రగా, చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటుంది. ఆ చెట్టు పశ్చిమ ఆఫ్రికాది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చేతుల మీదుగానే ఆ నూనె బయీయా వంటలో స్థిరపడింది. కొబ్బరి పాల తీపి, దెండే ఘాటు కలిసి మొదటి ముద్దకే మనసు దోచేస్తాయి. కాకపోతే నాలుగో ముద్దకి కూర రుచే తెలుస్తుంది గానీ చేప రుచి వెనక్కి పోతుంది. అలవాటు లేని పొట్టకి దెండే బరువు కూడా. రాత్రి పూట కాకుండా మధ్యాహ్నం తినడం నయం.

ఎస్పిరితు సాంతు మొకెకాలో దెండే లేదు, కొబ్బరి పాలు లేవు. పాతకాలం పద్ధతి పాటించేవాళ్లు కాప్సికం కూడా వేయరు. ఎర్ర రంగు కోసం ఉరుకుం గింజలు వాడతారు. అవి మనకి తెలియనివేమీ కావు, ఉత్తరాంధ్ర ఏజెన్సీలో పండించే జాఫ్రా గింజలే. వాటితో ఎర్రబడిన నూనె మట్టి చట్టిలో పోసి, ఉల్లి, టమాటా, కొత్తిమీర పరిచి, నిమ్మరసం పట్టించిన చేప ముక్కలు పేర్చి, పైన మళ్లీ అవే పరుస్తారు. చుక్క నీళ్లు పోయరు. గరిటె పెట్టి కలపరు, చట్టి పట్టుకుని కుదుపుతారంతే. టమాటా, చేప వదిలే నీళ్లలోనే కూర ఉడుకుతుంది. చట్టిని అలాగే తెచ్చి బల్ల మీద పెడితే కాసేపటిదాకా కుతకుతమంటూనే ఉంటుంది.

ఆ చట్టి కథ కూడా చెప్పుకోదగ్గదే. రాష్ట్ర రాజధాని విటోరియాలో గొయాబేరాస్ అనే పేట ఉంది. అక్కడి ఆడవాళ్లు సారె లేకుండా చేత్తోనే చట్టి మలిచి, గులకరాయితో నున్నగా రుద్ది, ఆరుబయట కట్టెల మంటలో కాలుస్తారు. మంటలోంచి తీసిన వేడి వేడి చట్టి మీద మడ చెట్టు బెరడు నానబెట్టిన నీళ్లు చిమ్ముతారు. దాంతో చట్టి నల్లబడుతుంది. తల్లి నుంచి కూతురికి వచ్చిన ఈ పనిని బ్రెజిల్ ప్రభుత్వం 2002లో జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. వాళ్లు పనిచేసే షెడ్డుకి వెళ్లి చూడొచ్చు, చట్టి కొనుక్కోనూ వచ్చు.

రెండిట్లో నా ఓటు విటోరియా మొకెకాకే. చేప తాజాగా లేకపోతే దాచడానికి అందులో ఏమీ లేదు. అందుకే మంచి చోట తింటే సముద్రపు చేప అసలు రుచి దొరుకుతుంది. పక్కన పెట్టే పిరావ్ మాత్రం వదలొద్దు. చేప తల ఉడికించిన నీళ్లలో కర్రపెండలం పిండి వేసి తిప్పుతారు. మన సంకటికన్నా జారుగా ఉంటుంది, అన్నంలోకి మొకెకా పులుసుతో కలిపి తింటే అద్భుతం. కారం మాత్రం రెండు చోట్లా తక్కువే, మిరపకాయ సాస్ విడిగా అడగాలి. సాధారణంగా ఒక మొకెకా ఇద్దరికి సరిపోతుంది కాబట్టి ఒంటరిగా వెళ్లేవాళ్లు సగం ఇస్తారేమో ముందే కనుక్కోండి.

టూర్‌లో రెండిట్లో ఒక్క ఊరికే టైమ్ ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు సాల్వడార్‌కే వెళ్లమంటాను, అకరజే కోసం. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, దెండేలో వేయించి, మధ్యలో చీల్చి కూరి ఇస్తారు. తెల్లని బట్టలు, తలపాగాతో వీధి మూలల్లో కూర్చునే ఆడవాళ్ల దగ్గర కొనుక్కుని వేడి మీద తినాలి. అదే పిండిని అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తే అబరా అవుతుంది. నూనెలో వేయించినవి పడనివాళ్లకి అదే మేలు.

శాకాహారులు కాస్త జాగ్రత్త. అకరజేలో కూరే వాటిల్లో ఎండు రొయ్యలుంటాయి, అబరా పిండిలోనే కలుపుతారు. వాళ్లకి విటోరియానే నయం, అక్కడ పండు అరటితో చేసే మొకెకా దొరుకుతుంది. చేప నీళ్లు కలిపారా అని అడిగి తెప్పించుకుంటే చాలు.

తాగడానికి కైపిరీన్యా అందరూ చెప్తారు. నిమ్మ, చక్కెర, ఐస్ వల్ల తెలీదు గానీ అందులో పోసే కషాసా అనే చెరకు మద్యంలో ఆల్కహాల్ 38 నుంచి 48 శాతం. మిట్టమధ్యాహ్నం ఎండలో, పైగా మొకెకా ముందు అది వద్దు. జీడిమామిడి పండు రసం అడగండి. ఆ చెట్టు ఈశాన్య బ్రెజిల్‌దే, మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. మనం గింజ తీసుకుని చాలాచోట్ల పండు పారేస్తాం. వాళ్లు దాని రసాన్ని చల్లగా గ్లాసులో పోసి ఇస్తారు. కాస్త వగరుగా ఉంటుంది, దెండే జిడ్డుని బాగా కోస్తుంది.