కవరు మాత్రమే అసలు, లోపలంతా జిరాక్స్: పాత విమాన టైంటేబుళ్లు కొనేవాళ్లూ, జాగ్రత్త

ఇండియన్ ఎయిర్‌లైన్స్ పాత టైంటేబుళ్లను "కంప్లీట్ కాపీ, సెంటర్ షీటుతో సహా" అంటూ అమ్మే ఆయన దగ్గర దయచేసి ఎవరూ కొనకండి. ఎవరి గురించి అంటున్నానో ఇవి కొనేవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. కవర్ల (పై అట్టల) ఫొటోలు వరసగా పెట్టి, లోపలి పేజీల్లో ఒక మూల మాత్రం చూపించేది ఆయనే. నిన్న పార్సిల్ అందింది. 6,500 రూపాయలు. కవరు మీద 1959 అని ఉంది. లోపలున్న 16 పేజీల్లో ఒక్కటి కూడా 1959ది కాదు.

బుకింగ్ ఆఫీసుల చిరునామాల కింద ఆరంకెల పిన్ కోడ్లున్నాయి. మన దేశంలో పిన్ కోడ్ వచ్చిందే 1972 ఆగస్టు 15న. ఇంకో పేజీలో విమానం రకం దగ్గర ఫాకర్ ఫ్రెండ్‌షిప్ అని ఉంది, అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది 1961లో. 1959లో డకోటాలు, 1957లో వచ్చిన వైకౌంట్లు ఉండాల్సిన చోట ఇదీ వరస. అదీ ఒకే ఎడిషన్ నుంచి తీసినవి కావు. 4వ పేజీలో ఒక టైముకు బయల్దేరే విమానం, అదే నంబరుతో, 13వ పేజీలో ఇంకో టైముకు బయల్దేరుతోంది.

కాగితం చూస్తే మోసం ఎలా చేశారో కూడా తెలుస్తుంది. కవరు నిజంగా పాతదే. స్టేపుల్ పిన్నుల తుప్పు కాగితంలోకి దిగి చుట్టూ గోధుమరంగు మరక కట్టింది. అన్నేళ్లు ఒకేచోట ఉన్న పిన్ను తుప్పు కవరుతో ఆగదు, కింద ఉన్న షీట్లన్నిటికీ ఎంతో కొంత అంటుతుంది. ఇక్కడ కవరు తిప్పగానే మరక మాయం. లోపలి షీట్ల చిల్లులు నిన్న గుచ్చినట్టు శుభ్రంగా ఉన్నాయి. పైగా కవరుకు ఒక్కో పిన్ను దగ్గర రెండేసి జతల చిల్లులు, లోపలి షీట్లకు ఒక్కో జతే. పిన్నులు విప్పేసి, వేరే కాగితాలు పెట్టి, మళ్లీ ఆ తుప్పు పిన్నులే గుచ్చారన్నమాట.

పదింతలు పెద్దగా చూపించే లెన్సు పెట్టి మడత దగ్గర చూడండి. అచ్చు సిరా కాగితం నారలోకి ఇంకుతుంది, మడత పడిన చోట అరిగి వెలుస్తుంది. జిరాక్స్ టోనరు (పొడి సిరా) పైపొరగా అతుక్కుంటుంది కాబట్టి మడతలో పెళ్లలుగా లేస్తుంది, అక్షరాల చుట్టూ నల్ల పొడి చుక్కలు చిమ్మినట్టు ఉంటాయి. నా దగ్గరున్న దాంట్లో పెళ్ల లేచిన చోట కాగితం చుట్టుపక్కలకంటే తెల్లగా ఉంది. అంటే ముందు జిరాక్స్ తీసి, ఆ తర్వాత పైన టీ డికాక్షన్ పూశారు. నిజంగా పాతబడిన కాగితం అంచుల్లో ముదురుగా, లోపలికి వెళ్లేకొద్దీ లేతగా ఉంటుంది. ఇది అంచు నుంచి మడత దాకా ఒకే రంగు.

ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. ఆయన కాదనలేదు, తడబడనూ లేదు. "కవరు ఒరిజినలే కదా సార్. లోపలి టైములు ఇప్పుడెవరు చదువుతారండీ? ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకోండి" అన్నాడు. డబ్బు వాపసు అడిగితే, "ప్యాకెట్ విప్పేశారు, ఇంక నాకు సంబంధం లేదు" అని పెట్టేశాడు. తర్వాత నంబరు బ్లాక్.

డబ్బు పోయినందుకు కాదు, ఆ "ఎవరు చదువుతారండీ" అన్న మాటకు ఒళ్లు మండిపోతోంది. టైంటేబుల్లో కవరంటే ప్రకటన బొమ్మ. చరిత్ర ఉన్నదంతా లోపలే. ఏ ఊరికి వారంలో ఎన్ని రోజులు విమానముంది, దారిలో ఎక్కడ దిగింది, టికెట్ ఎంత, ఏ రకం విమానం, ఇవన్నీ ఒక్కచోట దొరికే కాగితం ఇది. బేగంపేట కేంద్రంగా, నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి నడిపిన డక్కన్ ఎయిర్‌వేస్ 1953 ఆగస్టు 1న మరో ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత హైదరాబాద్ సర్వీసుల్లో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, డకోటాల స్థానంలో వైకౌంట్లు ఏ రూట్లో ఎప్పుడు వచ్చాయి అని వరసగా పట్టుకోవాలంటే ఈ పట్టికలే ఆధారం. 1959 కవరులో 1970ల పేజీలు కుట్టి వదిలితే, రేపు ఎవరో దాన్ని చూసి వ్యాసం రాస్తారు, ఆ తప్పుడు తేదీ ఇంకో నలుగురు ఎత్తి రాసుకుంటారు. డబ్బు వాపసు ఇచ్చినా ఆ నష్టం తీరదు.

ఇది ఒక్క కాపీతో అయిపోయింది కాదు. 8వ పేజీ మార్జిన్లో పాత యజమాని ఎవరో పెన్నుతో పెట్టుకున్న టిక్కు ఉంది, తోక కొంచెం వంకరగా. వేలితో తడిమితే కాగితం మీద ఒత్తు లేదు, వెనక వైపు గీత ఉబ్బలేదు. ఆ టిక్కు కూడా టోనరే. ఆయన ఇప్పుడు అమ్మకానికి పెట్టిన 1962 కవరు ఫొటోలో లోపలి పేజీ మూల కాస్త కనిపిస్తోంది కదా, పెద్దది చేసి చూడండి. అదే టిక్కు, అదే వంకర.

కొనేముందు సెంటర్ షీటు తెరిచి, పిన్నులు కనిపించేలా, కవరు కూడా అదే ఫొటోలో పడేలా తీసి పంపమనండి. 16 పేజీల పుస్తకంలో నడిమధ్య 8, 9 పేజీలు రావాలి. ఏ షీటు విప్పి పరిచినా పక్కపక్కన ఉన్న రెండు పేజీ నంబర్లు కలిపితే 17 రావాలి. ధరలు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందువి, నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతవి. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి ఉంటే మంచిదే గానీ, దాన్నొక్కదాన్నే నమ్మకండి. కాగితానికి తెలుపునిచ్చే రసాయనాలు 1950ల నుంచి వాడుకలోకి వచ్చాయి కాబట్టి 1940ల నాటిదని చెప్పిన కాగితం ఆ వెలుగులో నీలంగా మెరిస్తే నకిలీ అనుకోవచ్చు. 1960లవి మెరిసినా తప్పు పట్టలేం. "సైటు కమీషన్ ఎందుకు సార్, నేరుగా ఫోన్‌పే చేసేయండి" అనేవాళ్లకు పైసా పంపొద్దు, ఆ తర్వాత ఫిర్యాదు చేసే దారే ఉండదు.

ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవాళ్లుంటే 8వ పేజీ చూసుకోండి. టిక్కు కనిపిస్తే కవరు పారేయకండి, అది అసలుదే. పిన్నులు లాగకుండా, నడిమధ్య పేజీల్లో మడిచి ఉన్న వాటి కాళ్లు నిదానంగా నిటారుగా చేసి విప్పి, లోపలి ప్రతి షీటు మీదా పెన్సిల్‌తో "నకలు" అని రాసి కవరు నుంచి వేరుగా పెట్టండి. ఆ కాగితాలు మళ్లీ ఇంకో కవరులోకి చేరకూడదు.